శుక్రవారం మధ్యాహ్నం తిప్పిన స్క్రూ

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రాళ్ళ కాంట్రాక్టరు గారి టర్బో జీపు మొదటిసారి ఖాజాగూడ ఎత్తును ఆగకుండా ఎక్కిన రోజు అందరూ మా ఉస్తాద్‌ను మెచ్చుకున్నారు. ఆ ఘనత ఆయనది కాదు. ఆయన జుమ్మా నమాజుకు వెళ్ళిన గంటన్నరలో, ఆయన బిగించిన స్క్రూను నేను వెనక్కి తిప్పేశాను. తిప్పిన ఆనవాలు కనబడకుండా దాని మీద రంగు కూడా పూశాను.

తొంభైలు ముగుస్తున్న రోజులవి. కొత్తగూడ చౌరస్తాకు కాస్త ఇవతల, రోడ్డు పక్కన, రేకుల షెడ్డులో మా నాన్నకు డీజిల్ పంపుల షాపు ఉండేది. లారీలు, ట్రాక్టర్లు, జీపుల ఇంజన్లకు డీజిల్ అందించే పంపులను విప్పి, కడిగి, కొలిచి మళ్ళీ బిగించడం అక్కడి పని. షాపు నాన్నది, పని ఉస్తాద్‌ది. ఉస్తాద్ ఇంజన్‌కు చెవి దగ్గరగా పెట్టి వింటే చాలు, లోపల డీజిల్ చిమ్మే నాజిళ్ళలో ఏది సరిగ్గా చిమ్మడం లేదో చెప్పేవాడు. నాన్న కూడా ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు కాబట్టి ఆయన మాటకు ఎదురు చెప్పేవాడు కాదు.

నేను డిగ్రీ అయిపోయి, పొద్దున నల్లగండ్ల నుంచి నాన్న స్కూటర్ వెనక కూర్చుని వచ్చి, మూలనున్న బల్ల దగ్గర బిల్లులు రాసేదాన్ని. ఎవరైనా ఏదైనా అడిగితే బిల్లు పుస్తకాన్ని చూస్తూ జవాబిచ్చేదాన్ని. ఒకసారి ఒక లారీ డ్రైవరు నా ముందే నాన్నను అడిగాడు: "మీ బిడ్డకు మాటలు రావా సేటూ?" నాన్న నవ్వి ఊరుకున్నాడు. ఆ రాత్రి డైరీలో ఆ ప్రశ్న రాసుకుని, కింద జవాబు కూడా రాసుకున్నాను. జవాబులన్నీ నాకు డైరీలోనే తోచేవి.

బిల్లు పుస్తకం కింద ఎప్పుడూ ఇంకో పుస్తకం ఉండేది. ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పాత నవలో, అట్ట ఊడిన ప్రయాణ కథో. చదువుతూనే చెవులు పని వైపు ఉంచేదాన్ని. పంపును పరీక్షించే బెంచి మీద వరసగా గాజు గొట్టాలుండేవి. పంపు తిరుగుతుంటే అన్నింటిలోనూ డీజిల్ సమానంగా ఎక్కాలి. ఒకదానిలో వెంట్రుకవాసి తక్కువైనా ఉస్తాద్ మళ్ళీ విప్పేవాడు. నాకు ఆ గొట్టాలను చూస్తుంటే పుస్తకం అక్కర్లేకపోయేది. కాని బెంచి దగ్గరికి నేను పోకూడదు. "మసి పని మగోళ్ళది బేటా, నువ్వు కలం పట్టు," అనేవాడు ఉస్తాద్. కోపంగా అనేవాడు కాదు, ఎండలో నిలబడవద్దని చెప్పినట్టు అనేవాడు. నాకు అదే ఎక్కువ మండేది.

ఆయనకు ఒక అలవాటుంది. డీజిల్ ఎంత వెళ్ళాలో నిర్ణయించే స్క్రూను బిగించాక, దాని మీదుగా నట్టు మీదికి ఎర్రటి గీత గీసేవాడు. ఆ తర్వాత ఎవరు వేలు పెట్టినా గీత విరిగి దొరికిపోతారు. గీతకు ఆయన వాడేది గోళ్ళ రంగు. సీసా ఖాళీ అయితే నన్నే తెమ్మనేవాడు. చందానగర్ ఫ్యాన్సీ షాపావిడ నన్ను చూడగానే ఎరుపు సీసా తీసి పెట్టేది, నా చేతుల వైపు చూసి కొంచెం ఆశ్చర్యపోయేది. నా గోళ్ళకు అది ఒక్కసారీ పడలేదు.

కాంట్రాక్టరు గారిది గోదావరి వైపు. కొత్త భవనాలకు పునాదులు తవ్వేచోట రాళ్ళు పేల్చే పని ఆయనది. రాతికి రంధ్రాలు వేసే డ్రిల్లు నడవాలంటే గాలి కంప్రెసరు కావాలి. చక్రాల మీదుండే ఆ కంప్రెసరును జీపు వెనక తగిలించుకుని ఖాజాగూడ గుట్టల దాకా లాగేవారు. జీపు కొత్తది, టర్బో ఉన్నది. మా షాపుకు అలాంటి ఇంజన్ రావడం అదే మొదలు.

"కొత్త బండండీ, ఎత్తు దగ్గరికొచ్చేసరికి ఉసూరుమంటోంది," అన్నారాయన.

ఉస్తాద్ స్క్రూను ఒక చుట్టు లోపలికి తిప్పి డీజిల్ పెంచాడు. గీత గీశాడు. పాత లారీలకు ఆయన పద్ధతి సరైనదే. సైలెన్సర్ చివర పొగ సన్నని దారంలా కనబడే దాకా డీజిల్ పెంచాలి, అక్కడ ఆపాలి. జీపును అక్కడే ఉంచి తొక్కి చూస్తే దారం రాలేదు, నల్లటి మబ్బు వచ్చింది. "కొత్త ఇంజన్, జర అరుగుతె సెట్ అయితది," అని చేతులు కడుక్కుని మసీదుకు వెళ్ళాడు. నాన్న వెనక గదిలో అన్నం తిని నడుం వాల్చాడు. డ్రైవరు మూడింటికి వస్తానని పోయాడు.

ఆ జీపుతో పాటు కంపెనీ ఇచ్చిన పుస్తకం నా బల్ల మీద ఉంది. మసి చేతులు తగలకుండా డ్రైవరు నా దగ్గర పెట్టాడు. ఇంగ్లిషులో, బొమ్మలతో ఉంది. నేను పొద్దుటి నుంచి అదే చదువుతున్నాను. ఇంజన్ వదిలే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీదున్న ఇంకో చక్రం బయటి గాలిని ఇంజన్‌లోకి తోస్తుంది. టర్బో అంటే అంతే. గాలి ఎంత ఎక్కువగా వెళితే అంత డీజిల్ పూర్తిగా కాలుతుంది. గాలి లేకుండా డీజిల్ మాత్రమే పెంచితే అది పొగై పోతుంది, లోపల వేడి పెరుగుతుంది. నవలలో ఎవరు ఎవరిని మోసం చేస్తున్నారో పాత్రకంటే ముందు పాఠకుడికి తెలిసినట్టు, ఆ పేజీ చదవగానే నాకు తెలిసిపోయింది. ఈ జీపుకు తక్కువైంది డీజిల్ కాదు.

బానెట్ ఎత్తి చూశాను. టర్బో నుంచి ఇంజన్‌కు గాలి మోసే లావుపాటి రబ్బరు గొట్టం చివర, క్లిప్పు కింద, నూనె జిడ్డుతో దుమ్ము అంటుకుని ఉంది. వేలు పెడితే చీలిక తగిలింది. టర్బో తోసిన గాలి అక్కడే బయటికి పోతోంది. చీలిన అంచును బ్లేడుతో కోసేసి, మిగిలిన గొట్టాన్ని లాగి ఎక్కించి, క్లిప్పు బిగించాను. తర్వాత ఉస్తాద్ స్క్రూ దగ్గరికి వచ్చాను. రోడ్డు వైపు ఒకసారి చూశాను. ఒక చుట్టు వెనక్కి తిప్పాను. ఆయన గీతను గీకేసి, కొత్తగా నేను గీశాను. నా గీత ఆయన గీత కంటే తిన్నగా వచ్చింది. దాన్ని కొంచెం వంకర చేశాను.

సాయంత్రం కాంట్రాక్టరు గారు మిఠాయి పొట్లంతో వచ్చారు. "మీ చెయ్యి పడితే చాలండి ఉస్తాదు గారూ! పొగ లేదు, ఏమీ లేదు, కంప్రెసరుతో సహా ఎక్కేసిందండీ!"

ఉస్తాద్ గడ్డం నిమురుకున్నాడు. "చెప్పిన గద సార్. ఒక్క చుట్టు."

నాకూ ఒక మిఠాయి ఇచ్చారు. తిన్నాను. ఎవరికీ తెలియని గెలుపు ఎంత రుచిగా ఉంటుందో డైరీలో ఒక పేజీ రాసుకున్నాను. ఆ గెలుపులో తప్పు ఎక్కడుందో తెలియడానికి రెండు నెలలు పట్టింది.

రెండు నెలల తర్వాత అదే జీపు మళ్ళీ వచ్చింది. ఈసారి దాని వెనక ఇంకా పెద్ద కంప్రెసరు ఉంది. "ఎక్కడం ఎక్కుతోందండీ, కాని రెండో గేరులో గుంజుకుంటూ పోతోంది. మూడో గేరులో పోవాలండీ. ఇంకొంచెం పవరు పెంచండి," అన్నారు కాంట్రాక్టరు గారు.

ఉస్తాద్ స్క్రూ తిప్పే పేచ్‌కస్ అందుకున్నాడు. "ఒక్క చుట్టుకు గంత గుంజింది. రెండు చుట్లు ఇస్తె ఇగ గుర్రమే."

అప్పుడర్థమైంది. ఆయనకు ఆ తప్పుడు పాఠం నేర్పింది నేనే. ఆ శుక్రవారం నేను దొంగచాటుగా గొట్టం బాగుచేసి స్క్రూ వెనక్కి తిప్పకపోయి ఉంటే, జీపు పొగ కక్కుతూ అదే సాయంత్రం తిరిగి వచ్చేది, ఆయనే వెతికి గొట్టం చీలికను పట్టుకునేవాడు. ఇప్పుడు రెండు చుట్లు ఇస్తే ఇంజన్ కాలిపోతుంది. కాలిపోయే ఇంజన్ మా షాపులో, మా ఉస్తాద్ చేతి కింద కాలిపోతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. మాదాపూర్‌లో కొత్తగా లేచిన గుండ్రటి అద్దాల భవనంలో, ఒక ఆఫీసులో, కంప్యూటర్‌లో పేర్లూ చిరునామాలూ ఎక్కించే ఉద్యోగానికి అమ్మ వైపు బంధువు ఒకాయన నా పేరు చెప్పాడు. సోమవారం చేరాలి. అమ్మ నాకు రెండు కొత్త డ్రెస్సులు కుట్టించింది. అంటే ఆ షెడ్డులో నాకు మిగిలింది ఆ ఒక్క శనివారమే. ఇప్పుడు మాట్లాడకపోతే ఇక ఆ ఇంజన్ గురించి మాట్లాడే హక్కు ఎప్పటికీ ఉండదు.

"వద్దు," అన్నాను.

ఎంత మెల్లగా అన్నానంటే, కంప్రెసరును విప్పుతున్న డ్రైవరు తప్ప ఎవరూ వినలేదు. లేచి నిలబడి మళ్ళీ అన్నాను. "వద్దు ఉస్తాద్. డీజిల్ పెంచితె ఇంజన్ పోతది. ముందుగాల గాలి పెంచాలె."

షెడ్డంతా నా వైపు తిరిగింది. నేను వాళ్ళ ముందు అంత పొడుగు మాట అనడం అదే మొదలు.

"ఏంది బేటా?" ఉస్తాద్ నిజంగానే వినబడనట్టు అడిగాడు.

"బుక్కుల ఉంది. టర్బో గాలి ఎంత తోస్తుందో మీటర్ పెట్టి చూడాలె. గాలి చాలకుంటె డీజిల్ ఇచ్చుడు దండుగ."

కాంట్రాక్టరు గారు నవ్వారు. "అమ్మాయికి మాటలొచ్చాయండోయ్!"

"బుక్కు," అన్నాడు ఉస్తాద్. "బుక్కు చదివి వంట నేర్చుకున్నోళ్ళ ఇంట్ల తిన్నవా ఎప్పుడన్న?"

డ్రైవరు పకపకా నవ్వాడు. నాన్న ముఖం ఎర్రబడింది. "లోపటికి పో," అన్నాడు నాతో.

నేను లోపలికి పోలేదు. ఇప్పటికీ నన్ను నేను మెచ్చుకునేది ఆ ఒక్క దానికి. పోయి బెంచి పక్కన మేకుకు వేలాడుతున్న చిన్న ఒత్తిడి మీటర్ తీసుకున్నాను, రెండు బారల సన్న గొట్టం తీసుకున్నాను. "మొదలు మీరు రెండు చుట్లు తిప్పి నడపుండ్రి. నేను ఎనక కూసుని ముల్లు చూస్త. ఆ తర్వాత నన్ను చెయ్యనియ్యుండ్రి. ఏది గుంజితె అదే ఉంచుండ్రి. నేను తప్పయితె ఇగ నా జిందగీల బానెట్ ఎత్త."

నాన్న ఏదో అనబోయాడు. ఉస్తాద్ చెయ్యెత్తి ఆపాడు. పందెం వద్దనడం ఆయన రక్తంలో లేదు. "చల్. చూద్దాం."

మీటర్ గొట్టాన్ని ఇంజన్‌కు తగిలించి, కిటికీలోంచి లోపలికి తెచ్చుకుని వెనక సీట్లో కూర్చున్నాను. పక్కన కాంట్రాక్టరు గారు, ముందు ఉస్తాద్, స్టీరింగ్ దగ్గర డ్రైవరు. నాన్న స్కూటర్ మీద వెనకాలే వచ్చాడు. ఉస్తాద్ రెండు చుట్లు ఇచ్చి ఉన్నాడు, విప్పిన కంప్రెసరును డ్రైవరు మళ్ళీ తగిలించాడు.

ఎత్తు మొదట్లోనే వెనక అద్దంలో ఏమీ కనబడలేదు. అంతా పొగే. నాన్న స్కూటర్ ఆ నలుపులో మాయమై, దగ్గుతూ బయటపడింది. డ్రైవరు మూడో గేరు వేయబోయి మళ్ళీ రెండుకు దించాడు. నా చేతిలో గాలి ఒత్తిడి చూపే ముల్లు ముప్పావు కిలో దగ్గర ఆగిపోయింది. ఎంత తొక్కినా అక్కడే. ముందు డాష్‌బోర్డులో వేడి చూపే ముల్లు మాత్రం పైకి పాకుతోంది.

"ఆపన్నా," అన్నాను డ్రైవరుతో. అతను ఉస్తాద్ వైపు చూశాడు. ఉస్తాద్ వేడి ముల్లు వైపు చూశాడు. "ఆపు," అన్నాడు.

సగం ఎత్తులో, రెండు పెద్ద బండల మధ్య, చక్రాల కింద రాళ్ళు పెట్టి ఆపారు. ఎండ నెత్తిన ఉంది. ఇంజన్ కాస్త చల్లబడే దాకా ఆగాం. తర్వాత నేను బానెట్ ఎత్తాను.

"పది నంబర్ పానా ఇయ్యుండ్రి," అన్నాను ఉస్తాద్‌తో.

"నా పానా నా చెయ్యి దాటది," అన్నాడు.

నేను హ్యాండ్‌బ్యాగు తెరిచి నా పానా తీసుకున్నాను. అందులో ఎనిమిది, పది, పన్నెండు ఉన్నాయి, దువ్వెన పక్కనే. డ్రైవరు మళ్ళీ నవ్వాడు, కాని ఈసారి నవ్వింది నన్ను చూసి కాదు.

టర్బో ఒత్తిడి హద్దు దాటకుండా పక్కన ఒక చిన్న తలుపు ఉంటుంది. ఒత్తిడి పెరగగానే ఒక ఊచ ఆ తలుపును తెరిచి, చక్రాన్ని తిప్పే పొగను పక్కదారి పట్టిస్తుంది. ఊచ పొట్టిదైతే తలుపు ఆలస్యంగా తెరుచుకుంటుంది, చక్రం ఇంకొంత జోరుగా తిరుగుతుంది. పిన్ను తీసి ఊచ చివరను రెండు చుట్లు బిగించాను. మణికట్టు ఇనుముకు తగిలి కాలింది. అరవలేదు. వాళ్ళ ముందు అరిచే ఓపిక ఆ రోజు నాకు లేదు. తర్వాత ఉస్తాద్ ఇచ్చిన రెండు చుట్లలో ఒకటిన్నర వెనక్కి తిప్పాను. ఈసారి అందరి ఎదుట, ఆయన కళ్ళ ముందు.

బండిని కిందికి దించి మళ్ళీ మొదలుపెట్టాం. అదే ఎత్తు, అదే పెద్ద కంప్రెసరు. ముల్లు ముప్పావును దాటింది. ఇంకా పోయింది. కిలోకు ఒక గీత ఇవతల నిలబడింది. నేను ముల్లును మాత్రమే చూస్తున్నాను, కాబట్టి డ్రైవరు మూడో గేరు ఎప్పుడు వేశాడో నాకు తెలియలేదు. కాంట్రాక్టరు గారు "అబ్బో!" అనేసరికి బండలు వెనక్కి పోతున్నాయి. అద్దంలో నాన్న స్కూటర్ స్పష్టంగా కనబడింది. ఆయన తల మీదున్న రుమాలు గళ్ళు కూడా కనబడ్డాయి. వేడి ముల్లు మధ్యలోనే ఉంది.

పైకెక్కాక ఉస్తాద్ దిగి, వంగి, సైలెన్సర్ లోపల వేలు తిప్పి చూసుకున్నాడు. వేలిని చాలాసేపు చూశాడు. నేను ఆ క్షణంలో చెప్పేయవచ్చు. ఆ రోజు మిఠాయి తెచ్చింది కూడా నా పనికే అని ఒక్క మాట చాలు. అనేస్తే ఆయన గెలిచాననుకున్న ఆ సాయంత్రం కూడా ఆయనది కాకుండా పోయేది. నేను చెప్పలేదు. జాలి కాదు. దొంగచాటుగా చేసినదాన్ని ఈ లెక్కలో కలపడం నాకు ఇష్టం లేదు. ఈ ఎత్తు ఒక్కటే చాలు.

కాంట్రాక్టరు గారికి ఆశ పుట్టింది. "అమ్మాయ్, రెండు చుట్లకే ఇంతయితే ఇంకో నాలుగు తిప్పమ్మా! నాలుగో గేరులో పోదాం!"

"ఇయ్యను," అన్నాను.

"అదేంటమ్మా, బండి నాది."

"బండి మీదే. గీ ఇంజన్ ఇంతకన్న మోయది సార్. ఇంకా తిప్పితె ఆరు నెలలల్ల పిస్టన్లు పోతయి. కావాలంటె వేరే షాపుల తిప్పించుకోండ్రి, మా షాపుల తిప్పం."

మా షాపు అన్నాను. అనేశాక నాన్న వైపు చూడడానికి భయమేసింది. కాంట్రాక్టరు గారు ఉస్తాద్ వైపు తిరిగారు. "మీరైనా చెప్పండి ఉస్తాదు గారూ."

ఉస్తాద్ వేలి మసిని లుంగీ అంచుకు తుడుచుకున్నాడు. మసి పెద్దగా లేదు. "ఆమె ఇయ్యనన్నది గద సార్," అన్నాడు. "నన్నేం చెప్పమంటవు?"

కాంట్రాక్టరు గారు కంప్రెసరును గుట్ట మీదే వదిలి మమ్మల్ని షాపు దగ్గర దించి వెళ్ళిపోయారు.

నాన్న స్కూటర్‌కు స్టాండు వేసి, నా మణికట్టు పట్టుకుని చూశాడు. లోపలికి వెళ్ళి కొబ్బరినూనె తెచ్చి రాశాడు. రాస్తూ తల ఎత్తకుండానే, "సోమవారం నౌకరిల చేరాలె, యాదికుందా?" అన్నాడు.

"పోను నాయినా."

"ఏసీల కూసునుడు ఇడిసిపెట్టి మసిల కూసుంటవా? ఊరంతా ఆ అద్దాల బిల్డింగుల నౌకరి దొరుకుతదా అని తిరుగుతుంటె?"

"ఊరంతా పోనియ్యి. పేర్లు ఎక్కించుటానికి శానమంది దొరుకుతరు. నేను బెంచి మీద పని చేస్త. బిల్లులు గూడ నేనే రాస్త."

ఆయన సీసా మూత బిగించాడు. విప్పాడు. మళ్ళీ బిగించాడు. "మీ అమ్మకు నువ్వే చెప్పుకో," అన్నాడు. "కుట్టుకూలి అడుగుతది. నేనైతె ఆ టైంకు ఇంట్ల ఉండ."

ఉస్తాద్ అంతసేపూ బెంచి దగ్గర మాకు వీపు పెట్టి పానాలు తుడుస్తున్నాడు. విన్నాడో లేదో తెలియలేదు. ఒక్కొక్క పానాను గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. చెప్పులు వేసుకున్నాడు. బెంచికి ఇటు చివరనున్న ఇనుప స్టూలును కాలితో నా వైపు తోశాడు. గడప దాకా పోయి, తిరిగి నా ముఖం చూశాడు.

"టర్బో బండ్లు నీయి బేటా. నా లారీల మీద చెయ్యి పెట్టినవంటె మాత్రం ఊకోను."